అతిథి వదిలివెళ్లిన గిటార్

1960ల చివరి సంవత్సరాలు. జైపూర్‌లో భట్‌ల ఇల్లు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒక గదిలోంచి సితార్ వినిపిస్తూనే ఉండేది. తండ్రి మన్‌మోహన్ భట్, తల్లి చంద్రకళ... ఇద్దరిదీ సంగీతమే. అన్న శశిమోహన్ సితార్ విద్వాంసుడు. అక్క మంజు చేతిలోనూ సితారే. వాళ్లను చూసి పదహారు, పదిహేడేళ్ల విశ్వమోహన్ కూడా అదే వాద్యం పట్టుకుని సాధన చేస్తున్నాడు.

అలాంటి ఇంటికి జర్మనీ నుంచి ఓ అమ్మాయి వచ్చింది, సితార్ నేర్చుకుంటానంటూ. ఆ రోజుల్లో అదేం వింత కాదు. రవిశంకర్ పుణ్యమా అని, ఆయన దగ్గర బీటిల్స్ జార్జ్ హారిసన్ శిష్యరికం చేశాడన్న వార్త పుణ్యమా అని, సితార్ కోసం మనదేశానికి దారిపట్టిన విదేశీ కుర్రకారు చాలామందే. కాకపోతే ఈ అమ్మాయి వస్తూ వస్తూ తన గిటార్ కూడా వెంట తెచ్చుకుంది. ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేని వాద్యం అది. కుర్రాడి కన్ను దానిమీద పడింది. పాఠం అయ్యాక దాన్ని ఒళ్లో పెట్టుకుని తీగలు మీటేవాడు. రాగాలు పలికించాలని చూసేవాడు. అమ్మాయి వెళ్లిపోయింది. గిటార్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

విశ్వమోహన్ భట్ తన ఇంటర్వ్యూల్లో ఎన్నోసార్లు చెప్పిన ముచ్చట ఇది. 1994లో గ్రామీ అవార్డు తెచ్చిపెట్టిన 'మోహనవీణ' కథ అక్కడే మొదలైంది. ఇంటినిండా సితార్లే ఉన్నప్పుడు ఇంకో సితార్ ఎందుకు, తనకంటూ వేరే గొంతు ఉండాలి అనుకున్నాడాయన. అనుకోవడం తేలికే. గిటార్‌తో మన సంగీతం పలికించడమే తేలిక కాదు.

మెట్ల దగ్గర పేచీ

గిటార్ దండి మీద అడ్డంగా లోహపు మెట్లుంటాయి. ఏ మెట్టు దగ్గర నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. రెండు పక్కపక్క మెట్ల మధ్య ఒక అర స్వరం దూరం. ఆ రెంటి నడుమ ఉండే స్వరాలేవీ ఆ వాద్యానికి పెద్దగా పట్టవు. పాశ్చాత్య సంగీతానికి దాంతో ఇబ్బంది లేదు. వాళ్లకు కావలసింది ఒకేసారి మోగే నాలుగైదు స్వరాల గుంపు. దానికి మెట్లు ఎంతో వీలు.

మనకు అలా కాదు కదా. తోడి రాగంలో గాంధారాన్ని కదల్చకుండా నిలబెట్టి పాడితే తాతయ్యలు కుర్చీలోంచి లేచి వెళ్లిపోతారు! స్వరం నుంచి స్వరానికి దూకడం కాదు, జారాలి, ఊగాలి, ఆగీఆగనట్టు ఆగాలి. కర్ణాటక సంగీతంలో గమకం, హిందుస్తానీలో మీండ్... పేరేదైనా మన రాగాల ప్రాణం అక్కడే ఉంది. వీణకు మెట్లున్నా బాధ లేదు. తీగను పక్కకు లాగి ఆ ఊగిసలాట తెప్పించవచ్చు. సితార్‌లో అయితే ఒకే మెట్టు మీద నాలుగైదు స్వరాల దూరం లాగేస్తారు. గిటార్ తీగలకు అంత సాగుడు లేదు.

ఈ పట్టింపు ఎంత గట్టిదంటే, దాని దెబ్బ హార్మోనియం తిన్నది. స్వరాలను జార్చలేదన్న నేరం మీదే 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. దాదాపు మూడు దశాబ్దాలు పెట్టె మూతపడే ఉంది. అదే పరదేశం నుంచి వచ్చిన వయొలిన్‌కేమో ఏ అభ్యంతరం లేకపోయింది. దానికి మెట్లు లేవు, వేలు ఎటు జారితే స్వరం అటు జారుతుంది. ద్వారం వెంకటస్వామినాయుడు చేతిలో అది విజయనగరం సొంత వాద్యమే అయిపోయింది. అంటే వచ్చిన వాద్యం ఏ దేశానిదని మనవాళ్లు అడగలేదు. గమకం పలుకుతుందా లేదా అనే అడిగారు.

మరి గిటార్‌తో గమకం పలికించడం ఎలా? ఆ చిక్కు విప్పే కిటుకు అప్పటికే ప్రపంచంలో ఉంది. విశ్వమోహన్ పుట్టకముందే అది కోల్‌కతా దాకా వచ్చింది కూడా. ఎక్కడి నుంచి? పసిఫిక్ మహాసముద్రం మధ్యలోని హవాయి దీవుల నుంచి.

రైలు కట్ట మీద బోల్టు

హవాయికి గిటార్ తెచ్చింది పశువులు కాసేవాళ్లు. 1830ల్లో దీవుల్లో అడవి పశువులు పెరిగిపోయి పంటలు పాడుచేస్తుంటే వాటిని అదుపు చేయడానికి అక్కడి రాజు మెక్సికన్ కౌబాయ్‌లను పిలిపించాడు. వాళ్ల గిటార్లు దీవులవాళ్లకు తెగ నచ్చాయి. తీగల శృతిని తమకు నచ్చినట్టు వదులు చేసుకుని వాయించుకునేవాళ్లు.

1874లో ఓవాహు దీవిలోని లాయీ అనే పల్లెలో పుట్టిన జోసెఫ్ కెకుకు పదిహేనేళ్లయినా నిండకుండానే ఇందులో కొత్తదారి తొక్కాడు. రైలు పట్టాల వెంట నడుస్తూ గిటార్ వాయిస్తుంటే కిందపడి ఉన్న బోల్టు ఒకటి దొరికిందట. దాన్ని తీగలకు ఆనిస్తే స్వరం సాగింది. నొక్కడం మానేసి రాపిడి మొదలెట్టాడు. గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టాడు. మెట్లకు తగలకుండా తీగలను పైకి లేపాడు. ఎడమచేత్తో ఉక్కుకడ్డీని తీగల మీద జారిస్తే ఏడ్పులాంటి, పాటలాంటి ఓ తీయని నాదం. అదే స్టీల్ గిటార్. ఉక్కుతో చేసింది కాబట్టి ఆ పేరు రాలేదు. చేతిలోని ఉక్కుకడ్డీ వల్ల వచ్చింది.

ఇక్కడో తమాషా ఉంది. కెకుకుకు కొంచెం ముందే, 1880ల్లో, గాబ్రియెల్ డేవియన్ అనే యువకుడు హొనొలులులో ఒక్క తీగ మీద ఇలా జారుస్తూ వాయించేవాడని హవాయిలో పాతతరం వాళ్లు చెప్పుకునేవారు. ఆ డేవియన్ పుట్టింది మనదేశంలోనట. చిన్నప్పుడు ఓ ఓడ కెప్టెన్ ఎత్తుకుపోతే అక్కడికి చేరాడని కథ. దక్షిణాదిన గొట్టువాద్యం, ఉత్తరాదిన విచిత్రవీణ... కొయ్యముక్కో గాజుగుండో తీగల మీద జారిస్తే పలికే వాద్యాలు మన దగ్గర ఉన్నవే. అందుకని స్టీల్ గిటార్ మనదే అనేయాలని కొందరికి సరదా. ఒక్క కుర్రాడి కథ పట్టుకుని అంతదూరం వెళ్లడం మాత్రం సబబు కాదు. కెకుకు దాన్ని ఒక పద్ధతిగా మలిచాడు, తోటివాళ్లకు నేర్పాడు, 1904లో దీవి విడిచి అమెరికా వెళ్లి ఊరూరా వాయించాడు. ఆ కష్టం ఆయనదే.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి బృందాలు వాయించాక అమెరికా మొత్తం ఆ మోజులో పడింది. ఎంతలా అంటే... ప్రపంచంలో వాణిజ్యపరంగా అమ్మిన తొలి ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఈ ఒళ్లో పెట్టుకునే రకమే. 1930ల మొదట్లో రికెన్‌బాకర్ కంపెనీ తెచ్చిన దాని ఆకారం చూసి జనం పెట్టిన ముద్దుపేరు 'వేపుడు పెనం'!

కోల్‌కతాకు ఈ వాద్యాన్ని తెచ్చిన హవాయి కళాకారుల్లో పెద్దపేరు తావు మోయ్‌ది. పెరిగింది కెకుకు పుట్టిన లాయీలోనే. 1920ల చివర బృందంతో ఆసియా పర్యటనకు బయల్దేరినవాడు, భార్య రోజ్‌తో దేశదేశాలూ తిరుగుతూ దశాబ్దాల పాటు సొంతూరి మొహం చూడలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ కుటుంబం కోల్‌కతాలోనే ఉండిపోయింది. హోటళ్లలో వాయించారు, నేర్పారు. బెంగాలీ ఇళ్లలో హవాయి గిటార్ హార్మోనియంతో పోటీపడే స్థాయికి వచ్చింది. రవీంద్ర సంగీతం దానిమీద వాయించారు. ముంబయిలో వాన్ షిప్లే, హజారాసింగ్‌లు సినిమా పాటల్లోకి తెచ్చారు. రేడియోలో రెండు కార్యక్రమాల మధ్య ఖాళీ వస్తే వేసే ఆ మాటల్లేని సినిమా ట్యూన్ గుర్తుంది కదా... అది చాలాసార్లు ఈ వాద్యమే.

అయితే అంతవరకే. సినిమా పాటకు పనికొచ్చేది, కచేరీకి పనికిరానిది అన్న ముద్ర దానిమీద పడిపోయింది.

ముందు నడిచినవాడు

ఆ ముద్రను చెరిపింది కూడా రాజస్థానీయే. జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా. తండ్రి గోవర్ధన్‌లాల్ కాబ్రా సంగీత పోషకుడు. అన్న దామోదర్‌లాల్ సరోద్ విద్వాంసుడు. కొడుకు హవాయి గిటార్ పట్టుకుంటానంటే, దానిమీద శాస్త్రీయ సంగీతం తప్ప వేరేది వాయించకూడదని తండ్రి మాట తీసుకున్నాడని చెబుతారు. కొడుకు ఆ మాట దాటలేదు. ఉస్తాద్ అలీ అక్బర్‌ఖాన్ దగ్గర నేర్చుకున్నాడు. అమెరికన్ కంపెనీ గిబ్సన్ తయారుచేసిన పెద్ద గిటార్‌కు తీగలు ఎత్తుగా నిలిచేలా మార్పు చేయించి, శృతి కోసం ఓ తీగ అదనంగా వేయించాడు.

1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ద వ్యాలీ' రికార్డు గుర్తుందా? కాశ్మీర్‌లోని ఓ గొర్రెల కాపరి రోజులో పొద్దుటి నుంచి రాత్రి వరకూ సాగే రాగాలు. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు... మూడోది కాబ్రా గిటారే. చాలామంది దాన్ని ఏ సితారో అనుకుని విన్నారు. ఓ గిటారిస్టుకు అంతకన్నా పెద్ద మెప్పు ఏముంటుంది!

అంటే జైపూర్ కుర్రాడి ముందు దారి ఉంది. కడ్డీ జారిస్తే గమకం వస్తుందని కాబ్రా రుజువు చేసిపెట్టాడు. మరి విశ్వమోహన్ చేయవలసింది ఏం మిగిలింది?

చాలానే మిగిలింది. గమకం వస్తోంది, కానీ నాదం నిలవడం లేదు. గిటార్‌ను మీటితే స్వరం మోగి చటుక్కున ఆరిపోతుంది. సితార్ గదుల్లో పెరిగిన చెవికి అది చాలదు. సితార్‌లో ఒక స్వరం మీటితే కింద దాగి ఉన్న తరబ్ తీగలు, ఎవరూ ముట్టుకోకుండానే, తమ స్వరం వినగానే వాటంతట అవే కంపిస్తాయి. అనునాదం అని ఫిజిక్స్ పాఠాల్లో చదువుకున్నదే. ఆ ప్రతిధ్వని ఉంటేనే ఆలాపన గాలిలో కాసేపు నిలుస్తుంది.

ఒక్కో తీగా కలుపుకుంటూ...

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ చేసేవాళ్లు పనస మొద్దును ముందు పెట్టుకున్నప్పుడే అందులో వీణను చూస్తారు. కుండ, దండి అన్నీ ఆ ఒక్క మొద్దులోంచే తొలుస్తారు. మోహనవీణ అలా పుట్టలేదు. అది పాత ఇంటికి గదులు కలుపుకుంటూ పోయినట్టు పెరిగింది.

ముందుగా, గిటార్‌కున్న ఆరు తీగలు అక్కర్లేదు. అవి స్వరాల గుంపుల కోసం. మనకు పాట ఒకే దారిలో నడుస్తుంది. కాబట్టి రాగం పలికే ప్రధాన తీగలు మూడు చాలు. వాటి పక్కన మన వీణకు తాళపు తీగలున్నట్టే, శృతికీ లయకూ నాలుగైదు చికారీ తీగలు. వీటి కింద పన్నెండు తరబ్ తీగలు. మొత్తం కలిపితే పంతొమ్మిదో ఇరవయ్యో. ఆ పన్నెండు తరబ్ తీగలకూ బిరడాలు ఎక్కడ పెట్టాలి? గిటార్ తల మీద అంత చోటు లేదు. దండి పక్కనే పొడుగ్గా ఓ పట్టీ అతికించి వరసగా బిగించారు. దూరం నుంచి చూస్తే దండికి దువ్వెన తగిలించినట్టుంటుంది.

అసలు కష్టం బరువుది. బరువంటే తూకం కాదు, తీగల లాగుడు. మామూలు గిటార్ ఆరు తీగలూ కలిసి దండిని 160 పౌండ్లకు అటూఇటూ బలంతో లాగుతాయి. ఇక్కడ ఇరవై తీగలు కలిసి 500 పౌండ్లు దాటిస్తాయి. అంటే రెండు క్వింటాళ్లకు పైమాటే! ధాన్యం బస్తాలు పగలూ రాత్రీ వేలాడుతున్నట్టు. జర్మన్ అమ్మాయి వదిలివెళ్లిన గిటార్ లాంటిది ఆ లాగుడుకు తట్టుకోలేదు. అందుకే తర్వాతి వాద్యాల్లో ఒళ్లంతా మారింది. స్ప్రూస్ అనే కోనిఫర్ జాతి చెక్కను వంపుగా చెక్కిన పైపలక. మహాగని వెనక్కీ, పక్కలకీ, దండికీ. మెట్లు తీసేసి నున్నగా చేసిన రోజ్‌వుడ్ పట్టీ. కొన్నిటికి దండి వెనక తంబురాకున్నట్టు సొరకాయ బుర్ర కూడా బిగిస్తారు, నాదం ఇంకాస్త నిండుగా రావడానికి. ఇంతా చేస్తే చూపుకు గిటార్ రూపం పోలేదు. నడుము సన్నం, మెడ పొడవు. అదొక్కటే పాత చుట్టరికం.

వాయించే పద్ధతి కూడా కలగాపులగమే. నేలమీద మఠం వేసుకుని కూర్చోవడం మనది. ఒళ్లో వెల్లకిలా పెట్టుకోవడం హవాయిది. ఎడమచేతిలో ఉక్కుకడ్డీ. కుడిచేతి బొటనవేలికీ రెండు వేళ్లకూ తొడుగులు. కచేరీకి ముందు చాలాసేపు శృతి చేయాలి. రాగం మారితే పన్నెండు తరబ్ తీగలనూ ఆ రాగం స్వరాలకు మళ్లీ బిగించుకోవాలి. ఒక్కటి తప్పినా అది ఊరుకోదు. తనకు సంబంధం లేని స్వరానికి కూడా కింద నుంచి రొద పెడుతుంది.

తర్వాత రవిశంకర్ శిష్యరికం భట్‌కు ఇంకో బలం ఇచ్చింది. గాయకుడి గొంతులా సాగదీయడం కడ్డీ వల్లే వస్తుంది. సితార్, సరోద్‌లలో ఉండే చకచకా మీటే పనితనం కడ్డీతో కష్టం. ఆ రెండూ ఒకే వాద్యంలో వినిపించడమే ఆయన వాదన శైలిలో విశేషం.

చర్చిలో ఓ రాత్రి

1992 సెప్టెంబరు. అమెరికాలోని శాంటా బార్బరా. శ్రీలంకలో పుట్టి అక్కడ స్థిరపడిన కవి అలెగ్జాండర్ అనే రికార్డింగ్ నిపుణుడు ఓ చర్చి మందిరంలో తన పరికరాలు సర్దుకున్నాడు. స్టూడియోల్లో చేసే అతుకులు, మెరుగులు ఆయనకు గిట్టవు. మందిరంలో వినిపించింది వినిపించినట్టు టేపు మీదికి ఎక్కాలి, అంతే.

ఒకవైపు విశ్వమోహన్ భట్. రెండోవైపు రై కూడర్. 'పారిస్, టెక్సస్' సినిమాకు సంగీతం ఇచ్చినవాడు. నల్లజాతివారి బ్లూస్ పద్ధతిలో వేలికి గాజుగొట్టం తొడుక్కుని గిటార్ మీద జార్చేవాడు. హవాయి పెద్దలతో కలిసి 1970ల్లోనే వాయించినవాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసింది వాయించడానికి కాస్త ముందే. రిహార్సల్ లేదు. తబలా మీద సుఖ్వీందర్‌సింగ్. డుంబెక్ అనే అరబ్బు డోలు మీద కూడర్ కొడుకు వాకిమ్. వాడికి పద్నాలుగేళ్లు.

నాలుగే రచనలు. మొత్తం సుమారు 40 నిమిషాలు. వింటుంటే ఒకరు మాట మొదలెట్టడం, రెండోవారు అందుకోవడం తెలిసిపోతుంది. కొన్నిచోట్ల ఇద్దరూ తటపటాయించడం కూడా తెలుస్తుంది. దాన్ని కత్తిరించకుండా ఉంచడమే ఆ రికార్డు అందం. 1993లో 'ఎ మీటింగ్ బై ద రివర్' పేరుతో వచ్చింది. 1994లో ప్రపంచ సంగీతం విభాగంలో గ్రామీ తెచ్చుకుంది.

ఆ తర్వాత భట్ వాద్యానికి దేశదేశాల చుట్టాలు కలిశారు. 1995లో వచ్చిన 'ముంతాజ్ మహల్'లో అమెరికన్ బ్లూస్ గాయకుడు తాజ్ మహల్‌తో పాటు చిత్రవీణ రవికిరణ్ కూడా ఉన్నారు. చిత్రవీణ అంటే మన గొట్టువాద్యమే. దక్షిణాది జారుడు వాద్యమూ, పసిఫిక్ నుంచి చుట్టూ తిరిగొచ్చిన జారుడు వాద్యమూ ఒకే వేదిక ఎక్కినట్టయింది. 2004లో ఎరిక్ క్లాప్టన్ డాలస్‌లో పెట్టిన గిటార్ ఉత్సవంలోనూ మోహనవీణ మోగింది. భట్‌కు 2002లో పద్మశ్రీ, 2017లో పద్మభూషణ్ వచ్చాయి.

పేరు ఎవరిది?

ఇంతవరకూ కథ సాఫీగానే ఉంది. చిక్కల్లా పేరు దగ్గర.

మన్‌మోహన్, శశిమోహన్, విశ్వమోహన్... ఆ ఇంట్లో పేర్లన్నిటికీ చివర మోహన్ ఉంది కాబట్టి మోహనవీణ అనడం సహజంగానే ఉంది. కానీ విశ్వమోహన్ పుట్టడానికి ముందే, 1940ల చివర, కోల్‌కతాలో ఇంకో మోహనవీణ పుట్టింది. సరోద్ విద్వాంసుడు రాధికామోహన్ మైత్రా సరోద్‌నూ వీణనూ కలిపి ఓ కొత్త వాద్యం చేయించారు. అప్పట్లో ఆకాశవాణిలో పెద్దహోదాలో ఉన్న సంగీత పండితుడు ఠాకూర్ జైదేవ్‌సింగ్ దానికి ఆయన పేరు మీదనే మోహనవీణ అని పేరుపెట్టారు. మైత్రా 1981లో కన్నుమూశారు. ఆయన శిష్యులకు ఇప్పుడు ఎవరైనా మోహనవీణ అనగానే గిటార్ బొమ్మ చూపిస్తే మనసు చివుక్కుమంటుంది. అనదా మరి?

భట్ వైపూ ఓ మాట ఉంది. ఆయన వాద్యం పేరు ఎవరిదో లాక్కుని పెరిగింది కాదు. ఆ నాదం వల్ల పెరిగింది. 'సవరించిన హవాయి గిటార్' అనే పేరుతో వచ్చినా గ్రామీ వచ్చేదే. కానీ ముందు పుట్టినవాడి పేరు ముందు చెప్పడం మర్యాద. మైత్రా వాద్యం వాయించేవాళ్లు బహుకొద్దిమంది. భట్ వాద్యం ప్రపంచమంతా తెలుసు. వినేవాళ్లు ఎక్కువున్న చోటికే పేరు వెళ్లిపోతుంటే పాతది మెల్లగా పుస్తకాల్లోంచి కూడా జారిపోతుంది. రాసేవాళ్లూ, కచేరీల్లో పరిచయం చేసేవాళ్లూ ఒక్క వాక్యం అదనంగా చెబితే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. అంతకుమించి కోర్టులు, పంచాయితీలు అక్కర్లేని తగాదా ఇది.

'వీణ' అన్న రెండో సగం మీద కూడా కొందరికి గొణుగుడు ఉంది. గిటార్‌ను గిటార్ అనలేక గొప్పకోసం వీణ అంటున్నారని. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ ఈ మొహమాటం ఏమీ పెట్టుకోలేదు. ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను నాలుగు జంట తీగల నుంచి అయిదు ఒంటితీగలకు మార్చుకుని, కర్ణాటక సంగీతం మొత్తం దానిమీద పలికించి, మాండొలిన్ పేరునే తన ఇంటిపేరుగా చేసుకున్నాడు. మొదట్లో సభలవాళ్లు నొసలు చిట్లించారు, తర్వాత అదే పేరు పోస్టర్ల మీద పెద్దక్షరాల్లో వేసుకున్నారు. పేరు మార్చకుండానూ గెలవొచ్చని ఆయన చూపించాడు. అయితే పాత శాస్త్రాల్లో వీణ అనేది ఒక్క వాద్యం పేరు కాదు. తీగల వాద్యాలు చాలావాటికి అదే పేరు. ఆ లెక్కన భట్‌ను తప్పుపట్టడానికీ లేదు.

ఇంకా పుడుతూనే...

ఇప్పుడు ఈ కుటుంబం బాగా పెద్దది. విశ్వమోహన్ కొడుకు సలిల్ భట్ సాత్విక వీణ చేయించుకున్నాడు. తంజావూరులో పుట్టి వారణాసిలో పెరిగిన కమలా శంకర్‌కు శంకర్ గిటార్ ఉంది. బరుణ్‌కుమార్ పాల్‌ది హంసవీణ. ఎవరి ఒడికి, ఎవరి చెవికి తగ్గట్టు వారు కొలతలిచ్చి చేయించుకున్నవే అన్నీ. టైలర్ దగ్గర కుట్టించుకున్న చొక్కాలా ఒకరిది ఇంకొకరికి సరిగ్గా పట్టదు.

వీళ్లలో కోల్‌కతాకు చెందిన దేవాశిష్ భట్టాచార్య దారి వేరు. మూడేళ్ల పసివాడిగా ఉన్నప్పుడే ఆయన చేతికి హవాయి గిటార్ వచ్చింది. పదిహేనేళ్లకే, 1978లో, ఇరవైకి పైగా తీగలున్న 'చతురంగి' రూపం గీసుకున్నాడు. తర్వాత బ్రిజ్‌భూషణ్ కాబ్రా ఇంట్లోనే ఉండి గురుకులవాసం చేశాడు. చతురంగి తర్వాత పద్నాలుగు తీగల గాంధర్వి, నాలుగే తీగల ఆనంది వచ్చాయి. ఆనంది చూడ్డానికి హవాయివాళ్ల చిన్న ఉకులెలేలా ఉంటుంది. కాబ్రా 2018లో పోయారు. ఆయన వేసిన బాటలో నడిచే చేతులు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉన్నాయి.

దేవాశిష్ 2003లో బాబ్ బ్రోజ్‌మన్ అనే అమెరికన్‌తో కలిసి 'మహిమ' అనే ఆల్బమ్ చేశాడు. ఆ బ్రోజ్‌మన్ అంతకు ముందు, 1989లో, ఒక వృద్ధ దంపతులతో వాళ్ల చిన్ననాటి పాటలన్నీ మళ్లీ పాడించి రికార్డు చేశాడు. ఆ దంపతులు... ఒకప్పుడు కోల్‌కతా హోటళ్లలో హవాయి గిటార్ వాయించిన తావు మోయ్, రోజ్. అప్పటికి వాళ్లు దేశాలన్నీ తిరిగి, లాయీ పల్లెకు తిరిగి చేరుకున్నారు.

ఇక శాంటా బార్బరా చర్చిలో ఆ రాత్రి వాయించిన నాలుగు రచనల్లో చివరిదాని పేరు 'ఈసా లేయి'. హిందుస్తానీ రాగం కాదు, అమెరికన్ బ్లూసూ కాదు. ఓడ ఎక్కి వెళ్లిపోయే అతిథి కోసం పసిఫిక్‌లోని ఫిజీ దీవుల్లో పాడే వీడ్కోలు పాట అది.